తీసినవాడే చూడొద్దన్న యుద్ధం సినిమా

నమస్కారమండీ అందరికీ. వెనక వరసలో వినపడుతోందా? సరే అయితే. ఇవాళ వెయ్యబోయే సినిమా 62 నిమిషాలే, నా మాటలు దానికంటే పొడుగైపోతే మొహమాటపడకుండా చెయ్యెత్తండి, ఆపేస్తాను.

ముందు ఒక విషయం చెప్పేస్తా. ఇంకాసేపట్లో మనం చూడబోయే సినిమాని చూడొద్దని దాన్ని తీసినాయనే చెప్పాడు. సరదాకి కాదండీ, సీరియస్‌గానే చెప్పాడు. 1994 జనవరిలో న్యూయార్క్‌లో ఫిల్మ్ ఫోరమ్ అనే థియేటర్ వాళ్ళు దీన్ని వేస్తున్నారని తెలిసి వార్నర్ బ్రదర్స్ ద్వారా పత్రికల వాళ్ళకి ఒక ప్రకటన పంపించాడు, ఇది చేతకాక తడబడుతూ తీసిన ఒక అమెచ్యూర్ ఎక్సర్‌సైజ్ మాత్రమే అని అందులో తన సినిమాని తనే తిట్టుకున్నాడు. అలా తిట్టుకున్నాయన ఎవరయ్యా అంటే స్టాన్లీ కుబ్రిక్. 2001 ఎ స్పేస్ ఒడిస్సీ తీసిన కుబ్రిక్కే, షైనింగ్ తీసిన కుబ్రిక్కే. సినిమా పేరు ఫియర్ అండ్ డిజైర్, 1953లో వచ్చింది, ఆయన మొట్టమొదటి ఫీచర్ సినిమా.

మరి అంత పెద్ద డైరెక్టర్ వద్దంటే థియేటర్ వాళ్ళు ఎలా వేశారు అంటారా? అమెరికాలో ఆ రోజుల చట్టం ప్రకారం సినిమా కాపీరైట్‌ని 28 ఏళ్ళకి రెన్యువల్ చేయించుకోవాలి, చేయించుకోకపోతే అది జనం సొత్తు అయిపోతుంది, దీని కాపీరైట్ అలాగే చేయి జారిపోయింది. కాబట్టి ఆయన బతిమాలుకోగలడు, తిట్టుకోగలడు, ఆపలేడు. ఇక ఆయన తిట్టాక ఏమైందో మీరు ఊహించుకోవచ్చు. ఫలానా సినిమా చూడకండి అని కుబ్రిక్ అంటే ఇంట్లో కూర్చునేవాడు కూడా వెళ్ళి టికెట్ కొంటాడు.

నేను ఇవాళ చెప్పాలనుకుంటున్నది దాదాపు ఇదే. పాత సినిమాల ప్రింట్లు పోగేసే వాళ్ళకి సినిమా బాగుండటం ముఖ్యం కాదు, దొరక్కపోవడం ముఖ్యం, అందులోనూ ఎవరో కావాలని దొరక్కుండా చేశారంటే ఇక పిచ్చెక్కిపోతుంది. ఈ సినిమా మీద ఇంత మోజు పుట్టించింది కుబ్రిక్కే. ఆయన గమ్మునుండి ఉంటే ఇది 1950లలో వచ్చిపోయిన ఇంకో చిన్న బడ్జెట్ సినిమాగా మిగిలిపోయేది అని నా అభిప్రాయం, తర్వాత మీరు నాతో గొడవ పెట్టుకోవచ్చు.

సరే అసలు సంగతికి వద్దాం. కుబ్రిక్ 1928లో పుట్టాడు, న్యూయార్క్‌లో బ్రాంక్స్ కుర్రాడు. పదిహేడేళ్ళకే లుక్ అనే మ్యాగజైన్‌కి ఫోటోలు అమ్మి అక్కడే ఫోటోగ్రాఫర్‌గా చేరాడు, తర్వాత ఒక బాక్సర్ మీద చిన్న డాక్యుమెంటరీ తీసి ఆర్కేవో కంపెనీకి అమ్మాడు, అది అమ్ముడయ్యేసరికి ఇక ఉద్యోగం దేనికి అని మానేశాడు. 1951లో ఈ సినిమా షూటింగ్ చేసేటప్పటికి ఆయనకి 22 ఏళ్ళు. అప్పటికి కొరియా యుద్ధం జరుగుతోందండీ, అది గుర్తుపెట్టుకోండి. యుద్ధం నడుస్తుండగా తీసిన యుద్ధం సినిమా ఇది, కానీ సినిమాలో ఏ దేశం పేరూ ఉండదు, ఏ యుద్ధమో చెప్పరు, మొదట్లోనే ఒక గొంతు వచ్చి ఇది జరిగిన యుద్ధమూ కాదు జరగబోయేదీ కాదు, ఏ యుద్ధమైనా కావచ్చు అన్నట్టు చెప్పి తప్పుకుంటుంది. ఇది నాకు నచ్చదు, నిజం చెప్పాలంటే. కుర్రతనంలో అందరికీ అలాంటి పెద్ద పెద్ద మాటలు రాయాలనిపిస్తుంది. స్క్రిప్ట్ రాసింది హోవర్డ్ సాక్లర్ అని కుబ్రిక్‌తో పాటు స్కూల్లో చదువుకున్నతనే, ఇతనే తర్వాత ఒక నాటకానికి పులిట్జర్ ప్రైజ్ తెచ్చుకున్నాడు, కానీ ఇక్కడ మాత్రం సైనికుల చేత కవిత్వం మాట్లాడించి మన సహనాన్ని పరీక్షిస్తాడు.

డబ్బు ఎక్కడిది అంటే బంధువుల దగ్గర. లాస్ ఏంజిలిస్‌లో మందుల షాపులు ఉన్న ఆయన బంధువు మార్టిన్ పెర్వెలర్ పెట్టుబడి పెట్టాడు. మన వైపు కూడా మొదటి సినిమాలు ఇలాగే మొదలవుతాయి కదా, ఎవరో ఒక బాబాయి, ఎవరో ఒక బావగారు. కాలిఫోర్నియాలో శాన్ గాబ్రియేల్ కొండల్లో షూటింగ్. పదీ పదిహేను మందితో యూనిట్ మొత్తం, అందులోనే యాక్టర్లు, అందులోనే సామాను మోయడానికి పెట్టుకున్న మెక్సికన్ కూలీలు. కెమెరామేన్ కుబ్రిక్కే, ఎడిటర్ కుబ్రిక్కే. మిచెల్ కెమెరాని రోజుకి 25 డాలర్లకి అద్దెకి తెచ్చుకున్నాడు, ఫిల్మ్ ఎలా లోడ్ చెయ్యాలో కూడా ఆ అద్దెకిచ్చినాయనే నేర్పించాడు. ట్రాలీ లేదు. పిల్లల్ని పడుకోబెట్టి తోసుకెళ్ళే బండి మీద కెమెరా పెట్టి లాగారు. ఇంకా తమాషా ఏంటంటే అడవిలో పొగమంచు కావాల్సి వచ్చింది, దానికి పొలాల్లో మందు కొట్టే మెషీన్ తెచ్చారు, అందులో పాత పురుగుమందు ఇంకా మిగిలే ఉంది. ఆ పొగకి యాక్టర్లూ యూనిట్టూ అందరూ ఊపిరాడక విలవిల్లాడారు. అంత ముద్దుగా ఉండే ఆ మంచు షాట్ చూసేటప్పుడు ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి.

కథ చిన్నది. నలుగురు సైనికులు, వాళ్ళ విమానం శత్రువు వైపు కూలిపోయింది, నది ఒకటి ఉంది, తెప్ప కట్టుకుని రాత్రిపూట దాని మీద తమవైపు జారుకోవాలని ప్లాన్. మధ్యలో ఒక అమ్మాయి ఎదురవుతుంది, ఆ అమ్మాయిని బెల్టులతో చెట్టుకి కట్టేసి కుర్ర సైనికుడు సిడ్నీని కాపలా పెట్టి మిగతావాళ్ళు వెళ్తారు. దగ్గరలో ఒక ఇల్లు, అందులో శత్రువుల జనరల్, ఆయన సహాయకుడు. ఆ జనరల్‌నీ సహాయకుడినీ ఎవరు వేశారో చూడండి, మన సైనికుల్లోని లెఫ్టినెంట్, ఇంకొకడు, అదే మొహాలు అదే యాక్టర్లు. శత్రువుని చంపితే తన మొహాన్నే చంపుకున్నట్టు. డబల్ యాక్షన్ మనకి కొత్త కాదు గానీ ఇలా వాడటం అప్పటికి కొత్తే, పైగా ఇద్దరు యాక్టర్ల పారితోషికం కలిసొచ్చింది కూడా.

రెండు సీన్ల కోసం ఈ సినిమా చూడాలని నేనంటాను. ఒకటి, రాత్రి పూట ఒక గుడిసెలోకి వీళ్ళు చొరబడతారు, లోపల ఇద్దరు శత్రు సైనికులు భోజనం చేస్తుంటారు. చంపడం మనకి సరిగ్గా చూపించడు. కత్తి దిగే చోటు కాదు, చేతిని చూపిస్తాడు. ఆ చెయ్యి పళ్ళెంలోని కూరని పిడికిలితో పిసికేస్తుంది, వేళ్ళ సందుల్లోంచి ముద్ద బయటికొస్తుంది, బ్రెడ్ నలిగిపోతుంది, కట్, మొహం, కట్, మళ్ళీ చెయ్యి. ముక్కలు ముక్కలుగా షాట్లు అతికించి అర్థం పుట్టించే సోవియట్ మాంటేజ్ పద్ధతి మీద పుస్తకం చదివి రాత్రంతా నిద్రపోని కుర్రాడు తీసినట్టు ఉంటుంది ఆ ఎడిటింగ్, కానీ పని చేస్తుంది. ఆ తర్వాత చంపినవాళ్ళే అదే బల్ల దగ్గర కూర్చుని చచ్చినవాళ్ళ చల్లారిన కూర తింటారు. డైలాగులన్నీ తీసేసినా ఆ తినడం ఒక్కటి చాలు యుద్ధం అంటే ఏంటో చెప్పడానికి.

రెండోది చెట్టుకి కట్టేసిన అమ్మాయి దగ్గర సిడ్నీ సీన్. ఆ సిడ్నీ వేసింది పాల్ మజర్స్కీ, అప్పటికి బ్రూక్లిన్ కాలేజీ స్టూడెంట్, తర్వాత హాలీవుడ్‌లో పెద్ద డైరెక్టర్ అయ్యాడు. ఆ అమ్మాయి వర్జీనియా లీత్, ఆమెకి ఒక్క డైలాగ్ లేదు. వీడు ఆమెకి దోసిట్లో నీళ్ళు తెచ్చి తాగిస్తాడు, నవ్వించాలని చూస్తాడు, జనరల్‌ని అనుకరిస్తాడు, ఆమెకి వీడి భాషే తెలీదు, వీడి నవ్వు మెల్లగా మారిపోతుంది. కట్లు విప్పుతాడు, ఆమె పరిగెడుతుంది, కాల్చేస్తాడు. అక్కడి నుంచి మతి పోయి షేక్‌స్పియర్ టెంపెస్ట్ నాటకంలోని మాంత్రికుడి గురించి ఏదేదో వాగుతూ నది వైపు పారిపోతాడు. మజర్స్కీ కొంచెం ఎక్కువే చేశాడు, ఒప్పుకుంటా. కానీ ఆ కళ్ళు చూడండి. కింద నుంచి పైకి చూసే ఆ పిచ్చి చూపు ఫుల్ మెటల్ జాకెట్‌లో 1987లో మళ్ళీ వస్తుంది, షైనింగ్‌లో వస్తుంది. కుబ్రిక్ అభిమానులు ఈ సినిమా కోసం ఎందుకు చచ్చేవాళ్ళో ఆ ఒక్క షాట్‌లో అర్థమైపోతుంది, వాళ్ళు వెతుకుతున్నది సినిమా కాదు, మొలక.

ఇక డబ్బు దగ్గర దెబ్బ ఎక్కడ పడిందంటే సౌండ్ దగ్గర. ఖర్చు తగ్గుతుందని షూటింగ్ మొత్తం మూగగా తీశాడు, తర్వాత డబ్బింగ్ చెప్పించుకుందాం లే అనుకున్నాడు. మన ఇండస్ట్రీ వాళ్ళనడిగితే చెప్పేవాళ్ళు, డబ్బింగ్‌కి ఒక పద్ధతి ఉంది, థియేటర్ అద్దె ఉంది, పెదాలు కలవాలి, అడుగుల చప్పుడు దగ్గర్నుంచి అన్నీ మళ్ళీ చెయ్యాలి. షూటింగ్‌కైన దానికంటే సౌండ్‌కే ఎక్కువైపోయింది. షూటింగ్ మధ్యలోనే డబ్బు అయిపోతే మళ్ళీ పెర్వెలర్ దగ్గరికి కారులో బయల్దేరారంట, మజర్స్కీ తర్వాత చెప్పిన సంగతి ఇది, ఎలాగైనా డబ్బు తెస్తా చూడండి అంటూ కుబ్రిక్ ఆవేశంలో కారు అద్దం మీద ఉమ్మేశాడంట. తెచ్చాడు కూడా. ఆ అప్పుల్లోనే ఒక ఓడ కార్మికుల యూనియన్ కోసం ప్రచార డాక్యుమెంటరీ కూడా తీశాడు, దాని పేరు ది సీఫేరర్స్, ఆయన మొదటి కలర్ సినిమా అదే.

రిలీజ్ చేసింది జోసెఫ్ బర్‌స్టిన్. ఈ పేరు సినిమా చరిత్ర చదివినవాళ్ళకి తెలిసే ఉంటుంది, బైసికిల్ థీవ్స్ లాంటి ఇటాలియన్ సినిమాల్ని అమెరికాకి తెచ్చినాయన. సినిమాకి కూడా వాక్‌స్వాతంత్ర్యం ఉందని 1952లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ఆయన పేరు మీదే ఉంది. అంత పట్టుదల ఉన్న మనిషి దీన్ని తీసుకున్నాడు, 1953 వసంతంలో న్యూయార్క్‌లో గిల్డ్ థియేటర్‌లో పడింది. పబ్లిసిటీ మాత్రం కళాత్మకంగా ఏమీ చెయ్యలేదండోయ్, చెట్టుకి కట్టేసిన అమ్మాయిని ముందు పెట్టి అమ్మారు. విమర్శకులు కొందరు మెచ్చుకున్నారు, డబ్బులు మాత్రం రాలేదు. అదే ఏడాది నవంబర్‌లో బర్‌స్టిన్ విమాన ప్రయాణంలో ఉండగా చనిపోయాడు. చిన్న డిస్ట్రిబ్యూటర్ పోతే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు, ఆఫీసు మూత పడుతుంది, ప్రింట్లు ఎవరెవరి గోడౌన్లలోనో ఉండిపోతాయి, లెక్కలు అడిగేవాడు ఉండడు. అలా మాయమైపోయింది.

కుబ్రిక్‌కి అదే కావాలి. ఆయన పాత్స్ ఆఫ్ గ్లోరీ 1957లో తీశాడు, అది నిజమైన యుద్ధం సినిమా, తర్వాత డాక్టర్ స్ట్రేంజ్‌లవ్, ఆ పైన మీకు తెలిసిందే. పేరు పెరిగేకొద్దీ ఈ మొదటి సినిమా అంటే సిగ్గు పెరిగింది. దొరికిన ప్రింట్లన్నీ కొనేసి పారేయించాడు, నెగటివ్ తగలబెట్టించాడు అని పాత ప్రింట్లు పోగేసేవాళ్ళ మధ్య ఒక కథ పుట్టి బాగా తిరిగింది. ఇలాంటి కథ ఒకటి చాలు ధర పెరగడానికి. పక్కింటి మామిడికాయకి ఉన్న రుచి మన చెట్టు కాయకి ఉండదు కదా.

ఇప్పుడు ఈ పోగేసేవాళ్ళ గురించి కొంచెం చెప్పాలి, నేనూ ఆ బాపతే కాబట్టి తిట్టే హక్కు నాకుంది. 1960లు 70ల్లో అమెరికాలో 16 ఎంఎం ప్రింట్లు ఇంట్లో పెట్టుకుని ప్రొజెక్టర్ మీద వేసుకునే వాళ్ళు బోలెడుమంది ఉండేవాళ్ళు. అది పూర్తిగా చట్టబద్ధమైన వ్యవహారం కాదు. సినిమా కంపెనీలు ప్రింట్లు అద్దెకే ఇస్తాయి, అమ్మవు, కాబట్టి నీ ఇంట్లో ప్రింటు ఉందంటే అది ఎక్కడిది అనే ప్రశ్న వస్తుంది. 1974లో రాడీ మెక్‌డోవాల్ అని ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్‌లో వేసిన నటుడు, ఆయన ఇంటి మీదకే ఎఫ్‌బీఐ వాళ్ళు వచ్చి ఆయన కలెక్షన్ మొత్తం పట్టుకుపోయారు. దాంతో ఈ లోకం అంతా చెవులు కొరుక్కునే లోకం అయిపోయింది. ఎవరి దగ్గర ఏముందో పైకి చెప్పరు, నా దగ్గర ఇది ఉంది నీ దగ్గర అది ఉందా అని నెమ్మదిగా అడుగుతారు, మార్చుకుంటారు.

ఆ లోకంలో డబ్బా మూత తియ్యగానే ముందు చేసే పని ఏంటో తెలుసా, వాసన చూడటం. ఎసిటేట్ ఫిల్మ్ చెడిపోవడం మొదలైతే వెనిగర్ వాసన కొడుతుంది, ముక్కు మండిపోతుంది, అలాంటి డబ్బా మంచి డబ్బాల పక్కన పెట్టకూడదు, వాటికీ పట్టుకుంటుంది. ఆ తర్వాత ఫిల్మ్ అంచు చూస్తారు. కోడాక్ వాళ్ళు అంచు మీద చిన్న చిన్న గుర్తులు వేసేవాళ్ళు, గుండ్రం, చతురస్రం, త్రికోణం ఇలాంటివి, వాటిని బట్టి ఆ స్టాక్ ఏ ఏడాదిదో తెలుస్తుంది, కాకపోతే ఇరవై ఏళ్ళకి అవే గుర్తులు మళ్ళీ తిరిగొస్తాయి కాబట్టి 1953 అనుకున్నది 1973 కావచ్చు. అసలు రిలీజ్ ప్రింటా తర్వాత కొట్టిన కాపీనా అన్నది అక్కడ తేలిపోతుంది. ఇంత చూసి కూడా మోసపోయేవాళ్ళు మోసపోతూనే ఉంటారు.

తర్వాత వీడియో వచ్చింది. వీహెచ్‌ఎస్‌లో కాపీకి కాపీ, దానికి కాపీ. ఫియర్ అండ్ డిజైర్ చాలామంది మొదట చూసింది అలాంటి టేపులోనే. నేను చూసిందీ అలాంటి కాపీయే. అడవి అంతా నల్లటి ముద్ద, మొహాలు తెల్లటి మచ్చలు, ఆ కూర పిసికే సీన్‌లో చేతిలో ఏముందో కూడా తెలీదు, మట్టో, రక్తమో, ఏదో. కానీ చెప్తే నవ్వుతారు, ఆ మసక వల్ల సినిమా ఇంకా గొప్పగా అనిపించింది. కనపడని చోట మనమే నింపుకుంటాం కదా, కుబ్రిక్ కదా అని ఇంకా ఎక్కువ నింపుకుంటాం. మంచి ప్రింట్ చూశాక సగం మాయ పోయింది, ఇంకో సగం వచ్చింది, కెమెరా పనితనం అప్పుడే నిజంగా కనపడింది. ఆకుల మధ్య నుంచి మొహాల మీద పడే ఎండ, ఆ క్లోజప్‌లు, లుక్ మ్యాగజైన్ ఫోటోగ్రాఫర్ చెయ్యి తెలిసిపోతుంది.

అసలు సినిమాని కాపాడింది మాత్రం మా పోగేసే బ్యాచ్ కాదు. ఇది ఒప్పుకోవడానికి మా వాళ్ళకి కష్టంగా ఉంటుంది. అమెరికాలో రోచెస్టర్ అనే ఊళ్ళో కోడాక్ స్థాపకుడి ఇంట్లో పెట్టిన మ్యూజియం ఉంది, అప్పట్లో దాని పేరు జార్జ్ ఈస్ట్‌మన్ హౌస్, ఇప్పుడు జార్జ్ ఈస్ట్‌మన్ మ్యూజియం, వాళ్ళ దగ్గర ఒక ప్రింట్ భద్రంగా ఉంది. ఇంకో ఒరిజినల్ ప్రింట్ ప్యూర్టో రికోలో ఒక ఫిల్మ్ ల్యాబ్‌లో బయటపడింది, అక్కడి వాళ్ళు దాన్ని పారేయకుండా ఉంచారు అంతే, కుబ్రిక్ అభిమానంతో కాదు, ల్యాబ్ అన్నాక అరలో డబ్బాలు ఉంటాయి కాబట్టి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళు రెస్టోర్ చేశారు. 2011 డిసెంబర్‌లో టీసీఎం ఛానల్లో వచ్చింది, 2012 అక్టోబర్‌లో కీనో లోర్బర్ అనే డిస్కుల కంపెనీ వాళ్ళు డీవీడీ, బ్లూ-రే తెచ్చారు, 2013 జనవరిలో ఇంగ్లండ్‌లో మాస్టర్స్ ఆఫ్ సినిమా వాళ్ళ డిస్క్ వచ్చింది. కుబ్రిక్ 1999లోనే పోయాడు కాబట్టి ఈసారి ప్రకటన ఏమీ రాలేదు.

ఇక్కడ మన సంగతి ఒక్కటి చెప్పకుండా ఉండలేను. రఘుపతి వెంకయ్య గారి భీష్మ ప్రతిజ్ఞ 1921 నాటిది, లేదు. మన మొదటి టాకీ భక్త ప్రహ్లాద 1932 నాటిది, ప్రింట్ లేదు. వాటిని ఎవరూ చూడొద్దని ఎవరూ అనలేదండీ, ఎవరూ దాచలేదు, ఎవరూ తగలబెట్టించలేదు. ఆడాయి, అరిగాయి, పోయాయి. పూనాలో నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ 1964లో పెట్టారు, పి.కె. నాయర్ గారు ఊరూరూ తిరిగి డబ్బాలు మోసుకొచ్చారు కాబట్టి ఆ మాత్రమైనా మిగిలాయి. ఆ తర్వాత 2003 జనవరిలో అదే పూనాలో ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఆవరణలో మంటలు లేచి, ఇట్టే అంటుకునే పాత రకం నైట్రేట్ ఫిల్మ్ రీళ్ళు బోలెడు కాలిపోయాయి. అక్కడ ఒక డైరెక్టర్ తన సినిమాని మాయం చేద్దామని నానా తంటాలు పడి ఓడిపోయాడు, ఇక్కడ ఎవరూ ఏమీ చెయ్యకుండానే మాయమైపోయాయి. నాకు మాత్రం కుబ్రిక్ మీద జాలి వేయదు, ఆయన సమస్య లగ్జరీ సమస్య.

బ్లూ-రే వచ్చేశాక ఇక ఇది అరుదైన సినిమా ఎలా అవుతుంది అని మొన్న ఒకాయన అడిగాడు. బాగా అడిగాడు. అవ్వదు. ఎవరైనా కొనుక్కోవచ్చు, నెట్‌లో ఊరికే కూడా దొరుకుతుంది. కానీ ఈ పిచ్చి ఉన్నవాళ్ళు ఊరుకోరు, సరుకు మారుస్తారు. ఇప్పుడు 1953 నాటి పోస్టర్ మీద పడ్డారు, 27 అంగుళాలు ఇంటూ 41 అంగుళాల వన్ షీట్, దానికి మడతలు అసలైనవేనా, వెనక గుడ్డ అతికించారా, రంగు తర్వాత దిద్దారా అని భూతద్దం పెట్టుకుని చూస్తారు. థియేటర్ లాబీలో పెట్టే ఫోటో కార్డులు, పబ్లిసిటీ కోసం వేసే ప్రెస్‌బుక్ అనే పుస్తకం, అవన్నీ. సినిమా అందరికీ దొరికేసింది, కాగితం దొరకదు, కాబట్టి కాగితం గొప్ప.

ఇంకోటి ఉంది. 1952లో వెనిస్ ఫెస్టివల్‌లో చూపించినప్పుడు ఈ సినిమాకి పేరు వేరే, షేప్ ఆఫ్ ఫియర్, నిడివి కూడా ఎక్కువ. రిలీజ్‌కి ముందు తగ్గించారు. ఆ పొడుగు కాపీ ఉందా లేదా అని ఏళ్ళ తరబడి గుసగుసలు. చివరికి 70 నిమిషాల ఆ మొదటి కట్ కూడా దొరికి కీనో లోర్బర్ వాళ్ళే 2024లో 4కేలో రెండూ కలిపి వేశారు. మొదటి డిస్క్ ఉన్నవాళ్ళంతా మళ్ళీ కొన్నారు, నేను చెప్పడం దేనికి, ఇక్కడే కూర్చున్నవాళ్ళలో ఉన్నారు, నవ్వుతున్నారు.

ఇక ప్రశ్నలుంటే అడగండి, రెండు మూడు తీసుకుందాం.

[ప్రశ్న: డైరెక్టర్ వద్దన్నాక చూడటం తప్పు కాదాండీ?]

మంచి ప్రశ్న, అమ్మా. డైరీ అయితే తప్పు. ఇది డైరీ కాదు, టికెట్ పెట్టి జనానికి చూపించిన సినిమా. అమ్మిన సరుకుని నలభై ఏళ్ళ తర్వాత వెనక్కి ఇచ్చెయ్యండి అంటే ఎలా? పైగా ఇందులో మజర్స్కీ ఉన్నాడు, ఇంకో నటుడు ఫ్రాంక్ సిల్వేరా ఉన్నాడు, సంగీతం చేసిన జెరాల్డ్ ఫ్రీడ్ ఉన్నాడు, పురుగుమందు పీల్చిన కూలీలున్నారు, వాళ్ళ పని కూడా ఇది. ఒక్కడికి సిగ్గేసిందని అందరి పనీ చెరిపెయ్యడం నాకు ఒప్పుదల కాదు. అయితే ఆయన వద్దన్నాడు అన్న సంగతి చెప్పకుండా వెయ్యడం కూడా మర్యాద కాదు, అందుకే మొదట్లోనే చెప్పాను.

[ప్రశ్న: ఇలాంటివి ఇంకా ఉన్నాయా సార్, ఇప్పటికీ దొరకనివి?]

ఉన్నాయి బాబూ. అన్నిటికంటే పేరున్నది జెర్రీ లూయిస్ తీసిన ది డే ద క్లౌన్ క్రైడ్, 1972. రెండో ప్రపంచ యుద్ధం, నాజీల క్యాంపులో పిల్లల్ని నవ్విస్తూ గ్యాస్ చాంబర్ దాకా తీసుకెళ్ళే ఒక జోకర్ కథ. రిలీజ్ అవ్వనే లేదు. హక్కుల గొడవలు, డబ్బు గొడవలు, ఆపైన లూయిస్‌కే సిగ్గు. పదేళ్ళ దాకా ఎవరికీ చూపించకూడదనే షరతు మీద లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి ఇచ్చాడు. దీనికీ దానికీ తేడా ఏంటంటే, కుబ్రిక్‌ది పూర్తయిన సినిమా, థియేటర్లో పడిన సినిమా, అది పూర్తి కాని సినిమా. పూర్తి కానిదాని మీద ఆశ ఎప్పటికీ తీరదు కాబట్టి దాని మోజు ఇంకా పెద్దది. అది ఒకవేళ మొత్తం బయటికి వచ్చినా చూసినవాళ్ళలో ఎక్కువమంది నిరుత్సాహపడతారని నేను పందెం కాస్తా.

[ప్రశ్న: డిస్క్ కొనాలంటే 62 నిమిషాలదా 70 నిమిషాలదా?]

చూడటానికైతే 62. ఇవాళ వేస్తున్నదీ అదే. 70లో ఎక్కువగా ఉన్నవి రిలీజ్‌కి ముందు తీసేసిన ముక్కలు, కుబ్రిక్ ఈ సినిమా మొత్తంలో సిగ్గుపడ్డ మొదటి ముక్కలు అవే అనుకోండి, కాబట్టి మా బ్యాచ్‌కి అవే కావాలి. నాలాంటి రోగం ఉంటే రెండూ ఉన్న 4కే కొనుక్కోండి, లేకపోతే డబ్బు దాచుకుని పాత్స్ ఆఫ్ గ్లోరీ కొనుక్కోండి. సరే, ఆ పక్క ఫ్యాన్లు ఆపండి, సౌండ్ అసలే తక్కువగా ఉంటుంది, డబ్బింగ్ సంగతి చెప్పాను కదా.